ఉలవలు విత్తే గడువు

ఉద్యోగం పోయిన ఇంట్లో మొదటి పది రోజుల్లోనే తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటుంది. చాలా ఇళ్ళల్లో ఆ ఒక్కటే వాయిదా పడుతుంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. మన అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పని పోవడమంటే ఏ ఒక్క రకం మనిషి కష్టమో కాదు. బెంగళూరులో గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయే ఆడకూతుళ్ళున్నారు. అక్కడే కారు తోలే డ్రైవర్లున్నారు. కట్టడం పనికి పోయే మేస్త్రీలున్నారు. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుదురుకున్న పిల్లలున్నారు. వీళ్ళ పని పోతే ఊళ్ళో మొదట వినిపించే మాట ఏమిటి? ఏం చేశావు, ఎందుకు తీసేశారు అని. ఆ మాట ఎంత తప్పో కాస్త వెనక్కి చూస్తే తెలుస్తుంది. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే బ్యాంకు దివాలా తీసింది. ఆ దెబ్బ బెంగళూరు, హైదరాబాదు కంపెనీల్లో పనిచేసే మన పిల్లల దాకా వచ్చింది. 2011 జూలైలో బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది. అక్రమాలు చేసినవాళ్ళు వేరు. లారీ స్టీరింగు పట్టుకున్నవాడు వేరు. పని మాత్రం ఇద్దరికీ ఒకే రోజు ఆగింది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. 2022 నవంబరులో మెటా కంపెనీ 11,000 మందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, అమెజాన్ 18,000 మందిని తీసేస్తున్నామన్నాయి. 2025 జూలైలో మన దేశపు టీసీఎస్ కూడా సుమారు 12,000 మందిని తగ్గిస్తామంది. ఇంతమంది ఒకేసారి పని చేతకానివాళ్ళు అయిపోయారంటే ఎవరైనా నమ్ముతారా? మాంద్యంలో పని పోవడమన్నది వానల్లాంటిది. మన చేతిలో లేదు. పోయాక ఏం చేస్తామన్నది మాత్రం కొంత మన చేతిలో ఉంది.

ఇక ఆ నిర్ణయం ఏమిటో చెప్తాను. అదే రకం పని, అదే జీతం మళ్ళీ దొరుకుతుందని ఎంతకాలం ఎదురుచూడాలి? దానికి ఒక తేదీ పెట్టుకోవాలి. ఫలానా తేదీ దాకా పాత పనే వెతుకుతాం. ఆ తేదీ దాటితే రెండో దారి మొదలుపెడతాం. ఆ తేదీని ఇంట్లో అందరికీ కనిపించేలా క్యాలెండరు మీద రాసుకోవాలి. వినడానికి ఇది చాలా చిన్న పని. కానీ తేదీ లేని ఎదురుచూపు మనిషిని ఏం చేస్తుందో దాదాపు వందేళ్ళ కిందటే జాగ్రత్తగా రాసిపెట్టినవాళ్ళున్నారు. ఆస్ట్రియా దేశంలో మారియెంతాల్ అని ఒక చిన్న ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. మిల్లు మూతపడింది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరి జీవితాన్ని దగ్గర్నుంచి పరిశీలించి 1933లో పుస్తకం వేశారు. వాళ్ళకు విచిత్రమైన సంగతులు కనిపించాయి. చేతినిండా తీరిక ఉంది కదా, ఊరి గ్రంథాలయం కళకళలాడాలి. కానీ పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళు బాగా తగ్గిపోయారు. వీధిలో మగవాళ్ళ నడక నెమ్మదించింది. నాలుగడుగులు వేయడం, ఆగిపోవడం. నిన్న పొద్దుటినుంచీ ఏం చేశారో రాయమంటే, గంటలకు గంటలు ఏం రాయాలో తెలియలేదు. ఆడవాళ్ళ రోజు మాత్రం చెదరలేదు. పొయ్యి వెలిగించాలి, పిల్లల్ని చూసుకోవాలి. అందుకని వాళ్ళ పొద్దు వాళ్ళకు తెలిసేది. ఆ ఊళ్ళో ఎక్కువ కుటుంబాలు ఏడుస్తూ కూర్చోలేదు. గొడవలూ చెయ్యలేదు. ఇల్లు ఎలాగో నెట్టుకొచ్చారు. రేపటి గురించి ఆలోచించడం మాత్రం మానేశారు. పరిశోధకులను ఎక్కువ కలవరపెట్టింది ఆ నిశ్శబ్దమే. మనం ఇళ్ళల్లో దీన్నే చూసి బద్ధకం అంటాం. తిడతాం. బద్ధకం కాదది. ఎప్పటిదాకా అని తెలియకుండా ఎదురుచూస్తే ఎంత చురుకైన మనిషైనా అలాగే అవుతాడు.

ఎదురుచూడ్డం మన సీమకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు చెప్పండి? పడమటి నుంచి వచ్చే నైరుతి మేఘాలు కనుమలకు అవతలే చాలావరకు ఖాళీ అయిపోతాయి. తూర్పు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి నీరసపడతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. అదీ పడాల్సినప్పుడు పడదు. అయినా మెట్ట రైతుకు ఒక పద్ధతి ఉంది. జూన్‌లో దుక్కి చేసుకుంటాడు. విత్తనం కాయలు ఒలిపించి సిద్ధంగా పెట్టుకుంటాడు. జూలైలో పదును వాన పడిందా, గొర్రు కట్టి వేరుశనగ విత్తుతాడు. పడలేదు. జూలై పోయింది. ఆగస్టు సగం పోయింది. అప్పుడేం చేస్తాడు? వేరుశనగను పక్కన పెడతాడు. ఉలవో, అలసందో, కొర్రో, జొన్నో వేస్తాడు. రేకులకుంట పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చెప్పేదీ ఇదే, వాన ఆలస్యమైనప్పుడు ప్రభుత్వం ప్రత్యామ్నాయ విత్తనాలు ఇచ్చేదీ ఇందుకే. ఉలవకు వేరుశనగంత ఆదాయం రాదు. రైతుకు ఆ సంగతి తెలుసు. కానీ తక్కువ తడితో బతుకుతుంది. మూడు నెలలకు కాస్త అటూ ఇటుగా చేతికొస్తుంది. పశువులకు పొట్టు మిగులుతుంది. ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది. ఉలవకు కూడా వాన కావాలి. కొద్దిగానైనా కావాలి. వేరుశనగ కోసం వానలన్నీ పోయేదాకా చూసి, అప్పుడు ఉలవ చల్లితే ఆ గింజా రాదు. అందుకని గడువంటే వానలు ఆగిపోయే రోజు కాదు. రెండో పంట పండేంత వాన ఇంకా మిగిలి ఉన్న రోజు. ఇది ఇంకోసారి చెప్తాను, ఈ ప్రసంగంలో మిగిలినదంతా దీనిమీదే నిలబడింది. గడువంటే అంతా అయిపోయిన రోజు కాదు. రెండో పంటకు సరిపడా ఇంకా మిగిలి ఉన్న రోజు. ఈ నియమాన్ని మనవాళ్ళు ఎప్పుడూ తప్పలేదని మాత్రం చెప్పను. ఒకప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు వేరుశనగ ఒక్కటే వేసేవాళ్ళు. విత్తనం కొనేశామని, అప్పు తెచ్చేశామని, అదును దాటాక కూడా అదే విత్తి, గింజ కూడా వెనక్కి రాక నష్టపోయిన ఏళ్ళు ఎన్నో ఉన్నాయి. గడువు తెలియడం వేరు, పాటించడం వేరు.

ఇప్పుడు దీన్నే జీతం పోయిన ఇంటికి లెక్క కడదాం. పెన్సిలు అక్కర్లేదు, నిదానంగా చెప్తాను. బెంగళూరులో ఉండే ఒక కుటుంబం ఉందనుకుందాం. ఉద్యోగం పోయింది. సెటిల్‌మెంట్, దాచుకున్నది కలిపితే చేతిలో 2,40,000 రూపాయలున్నాయి. ఖర్చులు తగ్గించుకుంటే నెలకు 30,000 అవుతుంది. అద్దె, పిల్లల ఫీజు, సరుకులు, కరెంటు అన్నీ అందులోనే. ఇంటాయన మనసులో లెక్క ఏమిటి? ఎనిమిది నెలలు చూడొచ్చు అని. ఎనిమిది నెలల్లో ఏదో ఒకటి దొరక్కపోతుందా అని. ఈ లెక్కే ముంచుతుంది. ఎందుకంటే ఎనిమిదో నెలాఖరుకు దొరక్కపోతే చేతిలో రూపాయి ఉండదు. రెండో దారి పట్టడానికి కూడా డబ్బు కావాలి కదా. ఏదన్నా పని నేర్చుకోవాలన్నా, చిన్న అంగడి పెట్టాలన్నా, డ్రైవింగ్ లైసెన్సు మార్పించుకోవాలన్నా, ఇంకో ఊరికి మారాలన్నా ఖర్చే. దానికి ఒక 60,000 అనుకుందాం. అది విత్తనం డబ్బు. ముట్టుకోకూడదు. మిగిలింది 1,80,000. నెలకు 30,000 చొప్పున ఆరు నెలలు. సరే, రెండో దారి మొదలుపెట్టిన రోజే డబ్బు రాదు. దాన్లోంచి ఇల్లు గడిచేంత రావడానికి నాలుగు నెలలు పడుతుందనుకుందాం. ఆ నాలుగు నెలలూ కూడా తినాలి కదా. ఆరులోంచి నాలుగు తీసేస్తే ఎంత మిగిలింది? రెండు నెలలు. ఎనిమిది అనుకున్నాం. నిజానికి ఉన్నది రెండు. ఇంకోసారి చెప్తాను. ఉన్న డబ్బులోంచి విత్తనం డబ్బు తీసెయ్యండి. మిగిలినదాన్ని నెల ఖర్చుతో భాగించండి. రెండో దారి చేతికి రావడానికి పట్టే నెలలు అందులోంచి తీసెయ్యండి. మిగిలిందే మీ గడువు. మీ ఇంట్లో అంకెలు వేరే ఉంటాయి. లెక్క మాత్రం ఇదే.

రెండు నెలలు చాలదని భయపడే ముందు ఇంకొకటి చూద్దాం. అదే కుటుంబం మొదటి నెలలోనే ఊరికి వచ్చేసిందనుకోండి. తాడిపత్రో, కదిరో, ఉరవకొండో, పెనుకొండో. సొంత ఇల్లుంటే అద్దె లేదు. నెలకు 15,000తో గడుస్తుందనుకుందాం. అప్పుడు అదే 1,80,000 పన్నెండు నెలలు వస్తుంది. నాలుగు తీసేస్తే ఎనిమిది నెలల గడువు. డబ్బు ఒక్క రూపాయి పెరగలేదు. రెండు నెలల గడువు ఎనిమిది నెలలైంది. మనవాళ్ళు సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తారు. ఊరికి రావడమంటే ఓడిపోవడమని, బెంగళూరులోనే ఉన్నదంతా కరగబెట్టి, అప్పులు చేసి, ఆఖరున ఖాళీ చేతుల్తో వస్తారు. నిజానికి ఊరు మొదట్లోనే పనికొస్తుంది. ఆఖర్లో వస్తే ఊరు కూడా ఏమీ చెయ్యలేదు. దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. బెంగళూరు వదిలేస్తే ఉద్యోగం ఎలా దొరుకుతుంది అంటారు. సాఫ్ట్‌వేరువాళ్ళ విషయంలో ఈ మాటకు బలం తక్కువ. ఇంటర్వ్యూలు చాలావరకు ఫోన్లో, కంప్యూటర్లోనే అవుతున్నాయి. రమ్మంటే అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఉంటాం. కట్టడం పనివాళ్ళకు, డ్రైవర్లకు మాత్రం ఈ అభ్యంతరం నిజమే. అడ్డా మీద మనిషి కనిపించకపోతే మేస్త్రీ పిలవడు. అలాంటప్పుడు ఒకరు అక్కడే తోటివాళ్ళతో గది పంచుకుని ఉండాలి, మిగతావాళ్ళు రావాలి. పిల్లల చదువు ఇంకా పెద్ద చిక్కు. ఏడాది మధ్యలో బడి మార్చడం పిల్లలకు మంచిది కాదు. పరీక్షలు దగ్గర్లో ఉంటే వాటిదాకా ఆగడమే నయం. ఆ నెలల అద్దెను కూడా లెక్కలో వేసుకుని గడువు ఆ మేరకు తగ్గించుకోవాలి. ఏది చేసినా లెక్క తెలిసి చెయ్యండి.

ఇంకో అభ్యంతరం చదువుకున్న పిల్లల నుంచి వస్తుంది. తొందరపడి తక్కువ జీతానికి చేరితే అదే నా రేటు అయిపోతుంది, కొన్నాళ్ళు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, సరైన దాంట్లోనే చేరతాను అంటారు. ఇందులో కొంత నిజముంది. కాబట్టి కొట్టిపారేయకుండా చూద్దాం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఏళ్ళ తరబడి ఒకేచోట చేసి మాంద్యంలో పని పోగొట్టుకున్నవాళ్ళ సంపాదనను కొందరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అది 1993లో అచ్చయింది. పని పోయి ఐదారేళ్ళు దాటినా వాళ్ళ సంపాదన, పోకపోతే ఉండాల్సినదానికంటే నాలుగోవంతు తక్కువగానే ఉంది. మన దేశం లెక్క అది కాదు, నిజమే. కానీ పాత జీతం తప్పకుండా తిరిగొస్తుందన్న నమ్మకం ఎంత బలహీనమైనదో అది చెప్తుంది. ఆ జీతం దొరికేదాకా కదలనంటే, ఆ ఏడు ఇక పడని వాన కోసం చూసినట్టే. 2013లో అచ్చయిన ఇంకో పరిశోధన ఉంది. ఉత్తుత్తి దరఖాస్తులు వేల సంఖ్యలో కంపెనీలకు పంపించి, ఎవరిని తిరిగి పిలుస్తారో చూశారు. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి. మొదటి ఎనిమిది నెలల్లోనే ఆ తగ్గుదల చాలావరకు కనిపించింది. కాబట్టి ఫర్వాలేదులే అనుకునే ఖాళీకి ఖరీదుంది. అయితే అదే పరిశోధనలో మనకు ధైర్యమిచ్చే మాట కూడా ఉంది. పనులు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఖాళీ నెలల్ని కంపెనీలు అంతగా తప్పుపట్టలేదు. అందరికీ పోయినప్పుడు నీ ఒక్కడికే ఎందుకు పోయిందని అడగరు కదా. అందుకే దరఖాస్తులో తేదీలు దాచకండి. కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు పోయిందని ఒక ముక్కలో రాయండి. రెండో దారి పట్టాక కూడా మొదటి దారి వెతకడం మానొద్దు. వారంలో రెండు పూటలు దానికి కేటాయించండి. ఉలవ వేసిన చేను వచ్చే ఏడు వేరుశనగకు పనికిరాకుండా ఏం పోదు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన ప్రశ్న. రెండో దారి అని చెప్పడం తేలిక. ఈ కరువు నేలలో అసలేముంది? ఏమీ లేదనే కదా బెంగళూరుకు పోయింది? ఈ ప్రశ్న అడిగేవాళ్ళను తప్పుపట్టలేం. ఊళ్ళో పనులు బోలెడున్నాయని నేను చెప్తే మీరు రేడియో కట్టేస్తారు. ముందు ఏం చెయ్యకూడదో చెప్తాను. సెటిల్‌మెంటు డబ్బు తెచ్చి బోరు వేయించొద్దు. ఊరికి రాగానే ఎవరో ఒకరు అంటారు. ఉన్న మూడెకరాల్లో బోరు వేసుకుంటే రాజాలా బతకొచ్చు అని. ఈ సీమలో అప్పుల కథలు ఎన్నో అక్కడే మొదలయ్యాయి. మొదటి బోరులో దుమ్ము లేస్తుంది. పెట్టిన డబ్బు వృథా కాకూడదని రెండోది. రెండూ పోయాయని మూడోది. విత్తనం డబ్బంతా భూమిలోకి పోతుంది. వ్యవసాయమే రెండో దారి అనుకునేవాళ్ళు నీళ్ళు ఇప్పటికే ఉన్న పొలంలో భాగానికి చేరండి. కొత్తగా నీళ్ళు వెతకొద్దు. ఇక ఏముంది అంటే, గత ఇరవై ఏళ్ళలో కొంత మారింది. డ్రిప్పు కింద చీనీ, అరటి, దానిమ్మ, మామిడి తోటలు పెరిగాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటిపండ్లు ప్రత్యేక రైల్లో ముంబయి ఓడరేవుకు పోయాయి. అదే ఏడు సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయల్దేరింది. తోట అంటే రైతు ఒక్కడే కాదు. కోత, గ్రేడింగు, ప్యాకింగు, లారీ, డ్రిప్పు రిపేరు, మందుల అంగడి, లెక్కలు రాసేవాళ్ళు అందరూ కావాలి. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. రాయదుర్గంలో జీన్సు కుట్టే పని ఉంది. ధర్మవరంలో మగ్గం ఉంది, కానీ అది ఆపదలో నేర్చుకునే పని కాదు, దాని కష్టాలు దానికున్నాయి. ఇవన్నీ కలిపినా బెంగళూరు జీతానికి సరితూగవు. సరితూగుతాయని ఎవరైనా చెప్తే వాళ్ళు మీకు ఏదో అమ్మజూస్తున్నారని అర్థం. రెండో పంట పని వేరు. అది ఇంటిని మళ్ళీ వానాకాలం దాకా నిలబెట్టాలి. అంతకంటే దాన్నుంచి ఎక్కువ ఆశించకండి.

కొందరు ఇంకో మాట అంటారు. కంపెనీ తీసేస్తే, ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటే, సర్దుకోవాల్సింది మాత్రం పనివాడా? ఇది న్యాయమైన కోపం. నేను దాన్ని చల్లార్చబోను. రావాల్సింది అడిగి తీసుకోవాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒక నియమం ఉండేది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి మనుషులెక్కువయ్యారని తీసేస్తే, నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇది ఉంది. దానికి తోడు, కొత్త పని నేర్చుకోవడానికని ఇంకో 15 రోజుల జీతం ఇవ్వాలని కూడా అందులో రాశారు. ఐదేళ్ళు నిండినవాళ్ళకు గ్రాట్యుటీ వేరే. ఈఎస్ఐ కోత పడిన జీతమైతే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒక పథకం ఉంది. అర్హత ఉన్నవాళ్ళకు సగటు రోజు కూలిలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు. దాన్ని ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, ఇప్పటి సంగతి ఈఎస్ఐ ఆఫీసులో అడగండి. అన్నిటికంటే ముఖ్యమైన మాట. రాజీనామా రాసివ్వమని ఒత్తిడి చేస్తే వెంటనే సంతకం పెట్టకండి. మీ అంతట మీరే మానేసినట్టు కాగితం మీద ఉంటే ఈ పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. ఒక రోజు గడువు అడగండి. కార్మిక శాఖలోనో, యూనియన్‌లోనో, తెలిసిన వకీలునో అడిగి అప్పుడు నిర్ణయించుకోండి. ఐటీవాళ్ళకు కూడా కర్ణాటకలో 2017 నుంచి సంఘం ఉంది. ఇదంతా చెయ్యాలి. చేస్తూనే గడువు కూడా పెట్టుకోవాలి. పంటల బీమా కోసం రైతు ధర్నాకు పోతాడు. పోవాలి. బీమా డబ్బు పడేదాకా చేను బీడు పెట్టడు. పరిహారం ఎప్పుడొస్తుందో తెలియనంతవరకు దాన్ని గడువు లెక్కలో చేర్చకండి. వచ్చిన రోజు గడువు పెంచుకోండి.

ఈ తేదీని ఒక్కరే కూర్చుని పెట్టుకుంటే పనికిరాదు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పకుండా రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి పోయేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. ఎందుకు చెప్పరో అర్థం చేసుకోగలం. కానీ నెల ఖర్చు ఎంతో నిజంగా తెలిసిన మనిషి చాలా ఇళ్ళల్లో ఇల్లాలే. ఆమెకు తెలియకుండా వేసిన లెక్క తప్పు లెక్క. పొదుపు సంఘంలో ఆమె పేరున ఎంత అప్పుంది, ఎంత దాచింది, బంగారం ఎక్కడ కుదువలో ఉంది, అవన్నీ లెక్కలోకి రావాలి. మొహమాటానికి పాత ఖర్చులు నడిపించడం కోసం ఫోన్లో లోన్ యాప్‌ల జోలికి పోవద్దు. లాక్‌డౌన్ ఏడాదిలో అవి చేసిన వేధింపులు రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. ఇక నామోషీ. డిగ్రీ చదివి ఈ పనా అని అంటారు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2020లో పట్నాల్లో పనులు ఆగిపోయినప్పుడు ఆ పథకమే దేశాన్ని ఆదుకుంది. అంతకుముందు ఏడాది 265 కోట్ల పనిదినాలుంటే, ఆ ఏడాది 389 కోట్లయ్యాయి. పట్నం నుంచి తిరిగొచ్చినవాళ్ళు పార పట్టకుండా అంత పెరిగేదా? నామోషీ అనుకుని ఉంటే అన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలిగేదే కాదు. మనసు మరీ కుంగిపోతుంటే, నిద్ర పట్టకపోతుంటే, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే టెలీ మానస్‌కు ఫోన్ చెయ్యండి. నంబరు 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బులక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడొచ్చు. పగలూ రాత్రీ ఎప్పుడైనా చెయ్యొచ్చు.

ఆఖరుగా, గడువు తేదీ వచ్చిన రోజు గురించి. తేదీ పెట్టుకోవడం కంటే ఆ రోజు ఎక్కువ కష్టం. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఇంకో వారంలో చెప్తామంటారు. రెండో రౌండు అయింది, మూడోది మిగిలింది అంటారు. పాత మేనేజరు, వచ్చే నెల ప్రాజెక్టు వస్తుందంటాడు. బళ్ళారి గనులు ఆగినప్పుడు కూడా ఇవాళో రేపో తెరుస్తారనే అనుకున్నారు. 2012 సెప్టెంబరులో కోర్టు కొన్నిటికే అనుమతిచ్చింది. అప్పటికి ఏడాది దాటిపోయింది. అందుకని గడువు పొడిగించడానికి ఒక షరతు ముందే పెట్టుకోండి. చేతిలో రాతపూర్వకంగా ఆఫర్ లెటర్ ఉండాలి. అందులో చేరే తేదీ ఉండాలి. ఆ తేదీ నెలరోజుల్లోపే ఉండాలి. అది ఉంటే ఆగండి. నోటిమాట మాత్రమే ఉంటే, వాళ్ళకు సరేనండి అని మర్యాదగా చెప్పి, మర్నాడే రెండో దారి మొదలుపెట్టండి. వాళ్ళు నిజంగా పిలిస్తే అప్పుడు పోవచ్చు. ఈ షరతు కూడా క్యాలెండరులో ఆ తేదీ పక్కనే రాయండి, ఆ రోజున ఇంట్లో దాన్ని గట్టిగా చదివి వినిపించే బాధ్యత ఉద్యోగం పోయిన మనిషికి కాకుండా ఇంకొకరికి అప్పజెప్పండి.